అలవాటు మాటున మరుగయ్యే జీవితం

మనిషి ఆయుష్షులో అధిక భాగం మళ్లీ మళ్లీ చేసే పనులతోనే గడుస్తుంది. నిద్ర లేవడం, ఇల్లు సర్దుకోవడం, వంట, ప్రయాణం, ఉద్యోగం, తిరుగు ప్రయాణం, భోజనం, మళ్లీ నిద్ర అనే క్రమం కొద్దిపాటి తేడాలతో ప్రతి ఇంట్లోనూ ఒకే తీరుగా సాగుతుంది కాబట్టి, దినచర్య నుంచి పారిపొమ్మని చెప్పే సలహా ఎవరికీ అక్కరకు రాదు. వేళకు తినడం, వేళకు నిద్రపోవడం, చేసే పనులకు ఒక వరుస ఉండటం ఆరోగ్యానికి పునాది అని భారతీయ వైద్యం ఏనాడో గుర్తించింది. వాగ్భటుడి అష్టాంగహృదయం సూత్రస్థానంలో రెండో అధ్యాయానికి ‘దినచర్య’ అన్న పేరే ఉంది.

అయితే ఆరోగ్యానికి పునాది అయిన ఆ క్రమమే కొన్నేళ్లు గడిచేసరికి మనసును మొద్దుబార్చడం కూడా అందరి అనుభవంలో ఉన్నదే. మొద్దుబారిన మనిషి పనులు ఆగిపోవు. అన్నీ వేళకు జరుగుతూనే ఉంటాయి, జీతం వస్తూనే ఉంటుంది, పిల్లలు బడికి వెళ్లి వస్తూనే ఉంటారు. కానీ ఆ మనిషికి తాను ఏం చేస్తున్నదీ పట్టదు, నిన్నటికీ మొన్నటికీ తేడా గుర్తుండదు, సంతోషమైనా బాధైనా లోపలి దాకా దిగదు. రోజంతా శ్రమిస్తున్నప్పుడు దీన్ని సోమరితనం అనలేము. ఒక రోజు సెలవు పెట్టి నిద్రపోయినా తీరనప్పుడు వట్టి అలసట అని కూడా అనలేము. తెలుగువారు గానుగెద్దు బతుకు అని చెప్పుకునే ఈ స్థితికి పని మళ్లీ మళ్లీ రావడమే కారణమని సాధారణంగా అనుకుంటారు. ఆ అభిప్రాయం సగమే నిజమనీ, చేసే పనిలో మనిషి గమనింపుకూ నిర్ణయానికీ చోటు లేకుండా పోవడమే అసలు కారణమనీ, ఆ రెండింటినీ దినచర్యలోకి తిరిగి తెచ్చుకోవడం సాధ్యమేననీ ఈ అధ్యాయం వివరిస్తుంది.

అలవాటుపడటం ఎలా జరుగుతుంది?

ఒకే ఉద్దీపన మళ్లీ మళ్లీ ఎదురైనప్పుడు దానికి ప్రాణి చూపే స్పందన క్రమంగా తగ్గిపోవడాన్ని మనోవిజ్ఞానశాస్త్రం ‘అలవాటుపడటం’ అంటుంది. ఉద్దీపన అంటే ఇంద్రియాలను తాకే శబ్దం, స్పర్శ, దృశ్యం వంటిది ఏదైనా కావచ్చు. నాడీశాస్త్రవేత్త ఎరిక్ కాండెల్ ఈ ప్రక్రియను అప్లీసియా అనే సముద్రపు నత్తజాతి జీవిలో కణస్థాయి వరకు పరిశీలించాడు. ఆ జీవి దేహంలో నీటిని బయటికి వదిలే గొట్టంలాంటి భాగాన్ని మెల్లగా తాకితే అది వెంటనే మొప్పను లోపలికి ముడుచుకుంటుంది. హాని చేయని అదే స్పర్శ పదే పదే తగిలితే, స్పర్శను గ్రహించే నాడీకణం తరువాతి కణానికి పంపే రసాయన సందేశం తగ్గుతూ వచ్చి, చివరికి మొప్ప ముడుచుకోవడం నామమాత్రమవుతుంది. తోకపై వేరొక బలమైన ఉద్దీపన తగిలినప్పుడు మాత్రం సన్నగిల్లిన ఆ స్పందన తిరిగి బలపడుతుంది. జ్ఞాపకశక్తికి సంబంధించిన ఇటువంటి పరిశోధనలకే కాండెల్ 2000లో మరో ఇద్దరు శాస్త్రవేత్తలతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు.

ఈ ప్రక్రియ లేకపోతే మనిషికి బతుకు దుర్భరమవుతుంది, ఎందుకంటే ఒంటిమీది బట్ట స్పర్శ, తలపైన తిరిగే ఫ్యాను చప్పుడు, వీధిలోని వాహనాల మోత అన్నీ ప్రతిక్షణం మొదటిసారి తగిలినట్టే తగులుతుంటే ఏ పనిమీదా మనసు నిలవదు. చిక్కు ఎక్కడంటే, ఫ్యాను చప్పుడును పక్కన పెట్టిన మెదడే రోజూ ఎదురుగా కూర్చుని భోంచేసే భార్య ముఖాన్నీ, తలుపు తీయగానే పలకరించే తల్లి గొంతునూ కూడా అలాగే పక్కన పెట్టేస్తుంది. రోజూ చచ్చేవాడికి ఏడ్చేవాడెవరన్న సామెత, పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత ఈ సంగతినే చెబుతాయి.

దీనికి తోడు మరొక ప్రక్రియ కూడా ఉంది. వరుసగా చేసే అనేక చర్యలను మెదడు క్రమంగా ఒకే కట్టగా కట్టి, మొదలుపెట్టగానే చివరి దాకా వాటంతటవే జరిగిపోయేలా ఏర్పాటు చేసుకుంటుంది. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆన్ గ్రేబియెల్ బృందం ఎలుకలకు ఒక దారిలో పరుగెత్తడం నేర్పి చూసినప్పుడు, అలవాటు స్థిరపడిన కొద్దీ మెదడు అడుగుభాగంలోని ఒక నాడీసముదాయం పరుగు మొదట్లోనూ చివరలోనూ చురుకుగా ఉండి, మధ్యలో సద్దుమణగడం కనిపించింది. తాళం వేశాడో లేదో గుర్తురాక బస్‌స్టాపు నుంచి వెనక్కి వచ్చే ఉద్యోగికీ, స్టవ్ కట్టేసిందో లేదో తెలియక పెళ్లిపందిట్లో స్థిమితంగా కూర్చోలేని గృహిణికీ జరుగుతున్నది ఇదే: చేయి పని చేసింది, మనిషి అక్కడ లేడు. రష్యన్ రచయిత టాల్‌స్టాయ్ 1897లో తన డైరీలో, గది దుమ్ము తుడుస్తూ సోఫా తుడిచాడో లేదో గుర్తు రాకపోవడాన్ని రాసుకుని, ఎరుక లేకుండా గడిచిన జీవితం అసలు గడవనట్టేనన్న ఆలోచనకు వచ్చాడు.

గమనింపు, జ్ఞాపకం: రెండు నష్టాలు

మార్పులేని పని ముందుగా గమనింపును దెబ్బతీస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో రాడార్ తెరలను గంటల తరబడి చూసే సిబ్బంది, నైపుణ్యం ఉండి కూడా, కనిపించవలసిన సంకేతాలను చూడలేకపోతున్నారన్న సమస్య వచ్చినప్పుడు నార్మన్ మాక్‌వర్త్ అనే శాస్త్రవేత్త ఒక పరీక్ష రూపొందించాడు. అంకెలు లేని గడియారంవంటి పరికరంలో ముల్లు ఒకే తీరుగా అడుగులు వేస్తూ, ఎప్పుడో ఒకసారి మాత్రం రెండడుగులు ఒక్కసారే వేస్తుంది. ఆ అరుదైన గెంతును గుర్తించడమే రెండు గంటల పాటు కూర్చున్న వ్యక్తి పని. 1948లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, మొదటి అరగంట గడిచేసరికే గుర్తించే శక్తి స్పష్టంగా పడిపోయింది. తన పరధ్యానానికి తనలోని లోపమే కారణమని కుమిలిపోయే వ్యక్తి దీన్నుంచి తెలుసుకోవలసింది ఉంది: మార్పులేని పనిమీద ఏ మనిషి దృష్టీ గంటల తరబడి నిలవదు, కాబట్టి మార్చవలసింది ముందుగా పని జరిగే తీరును.

రెండో నష్టం జ్ఞాపకానికి సంబంధించినది. నిన్నగాక మొన్న ఉగాది పచ్చడి తిన్నట్టే ఉంది, అప్పుడే సంక్రాంతి వచ్చేసిందని నడివయసు దాటినవారు ఆశ్చర్యపోవడం పరిపాటి. విచిత్రమేమిటంటే, ఆ ఏడాదిలోని ఒక్కొక్క మధ్యాహ్నం మాత్రం వారికి ఎంతకీ గడవలేదు. అమెరికన్ మనోవిజ్ఞానశాస్త్రవేత్త విలియం జేమ్స్ 1890లో వెలువరించిన గ్రంథంలో దీనికి ఇచ్చిన వివరణ ఇప్పటికీ నిలబడే ఉంది. కాలం గడుస్తున్నప్పుడు దాని పొడవును మనిషి ఒక విధంగా, గడిచిన తరువాత మరో విధంగా కొలుస్తాడు. గడుస్తున్నప్పుడు చేయడానికి కొత్తది లేని గంట సాగదీసినట్టు ఉంటుంది, వెనక్కి తిరిగి చూసినప్పుడు గుర్తు పెట్టుకోవడానికి ఏమీ లేని ఆ గంటలన్నీ కలిసిపోయి కుంచించుకుపోతాయి. ఆ లెక్కన, మొద్దుబారిన దినచర్యలో మనిషి రెండువైపులా నష్టపోతాడు: రోజు బరువవుతుంది, ఏడాది మాయమవుతుంది.

పేరు మరచిపోయిన ఈగ

ఈ రెండింటికంటే లోతైన నష్టం మనిషి తానెవరో మరచిపోవడం. ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరు మరచిపోయి, పేదరాశి పెద్దమ్మతో మొదలుపెట్టి కనిపించిన ప్రతివారినీ నా పేరేమిటని అడుగుతూ పోయిన ఈగ కథను తెలుగు ఇళ్లలో పిల్లలకు నవ్వు పుట్టించడానికి చెబుతారు. ప్రసిద్ధ రచయిత్రి పి.సత్యవతి తన ‘ఇల్లలకగానే...’ కథలో ఆ ఈగ స్థానంలో ఒక గృహిణిని నిలబెట్టారు. ఇంటిని అద్దంలా ఉంచడంలో మునిగిపోయిన ఆమెకు ఒకరోజు తన పేరు గుర్తు రాదు. భర్తను అడిగినా, పిల్లలను అడిగినా, ఇరుగుపొరుగును అడిగినా ఆమె ఎవరికి ఏమవుతుందో చెప్పగలిగారే తప్ప పేరు చెప్పలేకపోయారు. చివరికి ఒక చిన్ననాటి స్నేహితురాలు ఆమెను శారద అని పిలిచి, ఒకప్పటి చదువునూ ప్రతిభనూ గుర్తుచేస్తుంది. పేరును మింగేసింది ఇల్లలకడం అనే పని ఒక్కటే కాదనీ, ఆ పని తప్ప మరేదీ ఆమెది కాదన్నట్టు చుట్టూ ఉన్నవారంతా ప్రవర్తించడం కూడాననీ ఆ కథ స్పష్టం చేస్తుంది.

కథలోని పరిస్థితి ఎంత విస్తృతమైనదో ప్రభుత్వ లెక్కలే చెబుతాయి. జాతీయ గణాంక కార్యాలయం నిర్వహించిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపనులు చేసేవారిలో 2019లో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనులకు వెచ్చించారు. 2024 నాటికి అవి వరుసగా 289, 88 నిమిషాలు. అంటే అయిదేళ్లలో స్త్రీలకు తగ్గింది పది నిమిషాలు, పురుషులు కూడా దాదాపు అంతే తగ్గించుకున్నారు. మొద్దుబారడం గురించి రాసే ఏ పుస్తకమైనా ఈ లెక్కను పక్కనపెట్టి మనోనిబ్బరం గురించి మాత్రమే బోధిస్తే, అది బాధ్యతను మోస్తున్నవారి నెత్తినే మరో బాధ్యతను పెట్టడమవుతుంది.

పనిలో ఏది లోపించినప్పుడు మనసు మొద్దుబారుతుంది?

శ్రమ విభజన వల్ల ఉత్పత్తి ఎలా పెరుగుతుందో గుండుసూదుల తయారీని ఉదాహరణగా చూపి చెప్పిన ఆడం స్మిత్, 1776 నాటి అదే గ్రంథంలో మరోచోట, జీవితమంతా ఒకటి రెండు చిన్న పనులే చేసే మనిషికి బుద్ధిని వాడవలసిన అవసరమే రాదని, అందువల్ల అతని ఆలోచనాశక్తి మొద్దుబారుతుందని హెచ్చరించాడు. ఇరవయ్యో శతాబ్దంలో రిచర్డ్ హాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ అనే పరిశోధకులు పనికి అర్థాన్నిచ్చే లక్షణాలను అయిదుగా వర్గీకరించారు: రకరకాల నైపుణ్యాలను వాడే అవకాశం, పనిని మొదటి నుంచి చివరి వరకు తానే పూర్తిచేయడం, ఆ పని ఎవరికైనా ఉపయోగపడుతుందన్న తెలివిడి, ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ, ఎలా చేశాడో తెలిపే ప్రతిస్పందన.

ఈ కొలబద్దతో చూస్తే ఒక్కొక్కరి దినచర్యలో లోపం ఒక్కొక్క చోట బయటపడుతుంది. వంటలో నైపుణ్యమూ ఉంది, పూర్తిచేయడమూ ఉంది, ఉపయోగమూ ఉంది. కానీ చాలా ఇళ్లలో ఉప్పు తక్కువైన రోజున మాత్రమే వంట గురించి మాట్లాడతారు కాబట్టి అక్కడ లోపించింది ప్రతిస్పందన. రోజంతా ఒకే రకం దరఖాస్తులను పరిశీలించే గుమస్తాకు ఆ కాగితం వెనుక ఉన్న మనిషి కనిపించడు కాబట్టి అక్కడ లోపించింది ఉపయోగమన్న తెలివిడి. ఎవరో రాసిచ్చిన వాక్యాలనే ఫోనులో వల్లించవలసిన కాల్‌సెంటర్ ఉద్యోగికి లోపించింది స్వేచ్ఛ.

పునరావృత్తి తనంతట తాను శత్రువు కాదనడానికి కర్ణాటక సంగీతమే సాక్ష్యం. కృతిలోని ఒకే పంక్తిని గాయకుడు పలుమార్లు పాడతాడు. ప్రతిసారీ స్వరాల నడకలో ఒక చిన్న మార్పు చేస్తూ, పదాలు మారకుండానే భావాన్ని విస్తరించే ఆ పద్ధతిని ‘సంగతి’ అంటారు. త్యాగరాజు కృతులలో సంగతులు ఎంతో పెద్ద పాత్ర వహిస్తాయి. పంక్తి మారదు, తాళం మారదు, అయినా వినేవారికి విసుగు రాదు, ఎందుకంటే ప్రతి ఆవృత్తిలోనూ గాయకుడి గమనింపూ నిర్ణయమూ పనిచేస్తున్నాయి. ప్రతి ఉదయం ఇంటిముందు ముగ్గు వేసే స్త్రీ, నిన్నటి ముగ్గు చెరిగిపోయిన చోటనే ఇవాళ ఎన్ని చుక్కలు పెట్టాలో నిర్ణయించుకోవడంలో ఉన్నది కూడా ఇదే.

ఆచరణ మార్గం

మొదట చేయవలసింది దినచర్యను మార్చడం కాక, అందులో ఒకే ఒక పనిని ఎంచుకుని వారం రోజుల పాటు చూడటం. ఉదాహరణకు చారుకు పోపు పెట్టడాన్నే తీసుకోవచ్చు. నూనె కాగిందని చేతికి ఎలా తెలిసింది, ఆవాలు చిటపటలాడటం ఎప్పుడు మొదలై ఎప్పుడు నెమ్మదించింది, ఎండుమిరపకాయ ఏ రంగుకు తిరిగినప్పుడు ఇంగువ పడింది, కరివేపాకు వేయగానే లేచిన చప్పుడుకు చేయి ఎంత వెనక్కి వెళ్లింది అన్నది గమనిస్తే, ఏమీ లేదనుకున్న అరనిమిషంలో ఎంత నేర్పు దాగి ఉందో బోధపడుతుంది. అలా ఆ రోజు కొత్తగా కనిపించిన ఒక్క అంశాన్ని రాత్రి ఒక వాక్యంలో రాసుకోవాలి. బ్రిటిష్ రచయిత్రి మారియన్ మిల్నర్ తనకు నిజంగా సంతోషాన్నిచ్చేది ఏదో తెలుసుకోవడానికి కొన్నేళ్లు ఇటువంటి డైరీ రాసి, దాని ఆధారంగా 1934లో ఒక పుస్తకం వెలువరించింది. ఎలా చూస్తున్నామన్నది మారితే అనుభవమే మారుతుందన్నది ఆమె కనుగొన్న ముఖ్య విషయాల్లో ఒకటి.

రెండోది, తప్పు జరిగితే నష్టం కలిగే పనులను నోటితో చెబుతూ చేయడం. ఈ విషయంలో రైలింజన్ నడిపేవారి పద్ధతి అనుసరణీయం. ఇంజనులో ఉండే అప్రమత్తతా పరికరం, లోకోపైలట్ సుమారు ఒక నిమిషం పాటు ఏ నియంత్రణనూ తాకకపోతే దీపం వెలిగిస్తుంది, తరువాత బజర్ మోగిస్తుంది, అప్పటికీ స్పందన లేకపోతే బ్రేకులు వేస్తుంది. అయితే ఆ పరికరానికి స్పందనగా మీట నొక్కడం కూడా చేతికి అలవాటైపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఎదురయ్యే ప్రతి సిగ్నల్ రంగునూ లోకోపైలట్, సహాయకుడు ఒకరికొకరు పైకి చెప్పుకోవాలన్న నియమం కూడా ఉంది. మీటను చూడకుండా నొక్కవచ్చుగానీ, సిగ్నల్ రంగును చూడకుండా చెప్పలేరు. జపాన్ రైల్వేలలో వేలితో చూపిస్తూ నోటితో చెప్పే ఇటువంటి పద్ధతిని ప్రయోగాత్మకంగా పరీక్షించినప్పుడు, తప్పులు దాదాపు ఆరో వంతుకు తగ్గాయి. మాత్ర వేసుకునేటప్పుడు, గ్యాస్ కట్టేటప్పుడు, తాళం వేసేటప్పుడు ఆ సంగతి పైకి అనుకోవడం వల్ల ప్రమాదమూ తప్పుతుంది, తలుపు దగ్గరకు మళ్లీ పరుగెత్తవలసిన అనుమానమూ తీరుతుంది.

మూడోది, ప్రతిరోజూ ఒక్క చిన్న నిర్ణయాన్నైనా తిరిగి చేతిలోకి తీసుకోవడం. ఏ వరుసలో పని మొదలుపెట్టాలి, ఏ వీధి మీదుగా నడవాలి, మధ్యాహ్న భోజనం ఎవరితో కలిసి తినాలి అన్నవి పైకి అల్పంగా కనిపిస్తాయి, కానీ పై అధికారి అనుమతి అవసరం లేని స్వేచ్ఛ ఎక్కువమందికి ముందుగా దొరికేది అక్కడే. ఈ మార్పు రోజుకు ఒకటి మించకూడదు. అన్నింటినీ ఒకేసారి మార్చబోయినవారు నాలుగు రోజుల్లో అలసిపోయి పాత దారికే వస్తారు.

నాలుగోది, పనిని పంచుకోవడం. వారంలో ఒక రోజు వంటను ఇంట్లోని పురుషులు, పెద్ద పిల్లలు పూర్తిగా, అంటే కూరగాయలు తేవడం నుంచి గిన్నెలు కడగడం వరకు చేస్తే రెండు ప్రయోజనాలు నెరవేరుతాయి: రోజూ చేసేవారికి తెరిపి దొరుకుతుంది, చేయనివారికి ఆ పనిలోని నేర్పు తెలిసి, మిగిలిన ఆరు రోజులూ నోట మంచిమాట వస్తుంది. కార్యాలయాల్లో కూడా ఒకే బల్ల దగ్గర ఏళ్ల తరబడి ఒకే పని చేసేవారి విధులను కాలానుగుణంగా మార్చడం అధికారుల ధర్మం. మాక్‌వర్త్ పరీక్ష నేర్పిన పాఠం ఇదే.

అయిదోది, కాలానికి గుర్తులు పెట్టుకోవడం. కార్తిక వనభోజనాలు, అట్లతద్ది ఉయ్యాలలు, బతుకమ్మ ఆటలు, సంక్రాంతి నెలపట్టిన నాటి నుంచి వాకిళ్లలో పెరిగే ముగ్గులు ఏడాదిని ఒకే తీరుగా సాగనివ్వకుండా విడివిడి రుచులుగా విభజించాయి. ఆ రోజులు నేడు చాలామందికి ఆలస్యంగా లేచి ఫోను చూసే సెలవులుగా మిగిలాయి. మొద్దుబారిన మనసు ఫోనువైపు మొగ్గడం సహజమే గానీ, వేలితో తెరను పైకి తోయడం కూడా మళ్లీ మళ్లీ చేసే, మరునాటికి గుర్తుండని పనే కాబట్టి దానితో ఈ లోటు తీరదు. నెలకు ఒక్కసారైనా మనుషులను కలుపుకుని, చేతులతో ఏదైనా చేసే రోజును ముందుగానే నిర్ణయించి పెట్టుకుంటే, వెనక్కి తిరిగి చూసినప్పుడు ఆ ఏడాది కుంచించుకుపోదు.

ఒక హెచ్చరిక

పై సాధనలన్నీ మొద్దుబారడాన్ని పోగొట్టడానికి ఉద్దేశించినవి, వ్యాధిని నయం చేయడానికి కాదు. రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ దిగులు వదలకపోయినా, ఒకప్పుడు ఇష్టమైన దేనిమీదా ఆసక్తి పుట్టకపోయినా, నిద్ర, ఆకలి గణనీయంగా మారినా, బతకడం వృథా అనిపించినా దాన్ని విసుగు అని కొట్టిపారేయకుండా కుంగుబాటుగా అనుమానించి వైద్యుణ్ని సంప్రదించాలి. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవలో 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులో కూడా ఉచితంగా సలహా లభిస్తుంది.

ముగింపు

అలవాటుపడటం మెదడుకు ప్రకృతి ఇచ్చిన సదుపాయం, దాన్ని పూర్తిగా ఆపడం ఎవరి తరమూ కాదు, ఆపవలసిన అవసరమూ లేదు. ఏ పనులను ఆ సదుపాయానికి అప్పగించాలో, ఏ పనులనూ ఏ మనుషులనూ అప్పగించకూడదో ఎంచుకోవడం మాత్రం మనిషి చేతిలో ఉంది. పళ్లు తోముకోవడం దానికి వదిలివేయవచ్చు. బిడ్డ చెప్పే బడి కబుర్లను, వృద్ధులైన తల్లిదండ్రుల పలకరింపును, జీవనాధారమైన వృత్తిని వదిలివేయకూడదు. ఈ అధ్యాయం పూర్తిచేసిన పాఠకులు అయిదు సాధనలనూ ఒకేసారి తలకెత్తుకోనక్కరలేదు. రేపటి దినచర్యలో ఏ పని తమకు అందరికంటే ముఖ్యమైన మనిషితో ముడిపడి ఉందో చూసుకుని, ఆ ఒక్క పనినీ ఈ వారం పరిశీలనకు ఎంచుకుంటే, మిగిలిన నాలుగు సాధనలు తమకు ఎంతవరకు అవసరమో ఆ వారం రోజుల వాక్యాలే తెలియజేస్తాయి.